కలర్ పెద్దదా, సీక్వెన్స్ పెద్దదా?

హాస్టల్లో పేక ముక్కలు బయటికి తీస్తే పది నిమిషాల్లో ఒక గొడవ గ్యారంటీ. ఒకడి చేతిలో మూడూ ఇస్పేట్లే. ఇంకొకడి చేతిలో ఏడు, ఎనిమిది, తొమ్మిది, జాతులు వేరువేరు. ఎవరిది పెద్ద? సంక్రాంతికి మామల పక్కన కూర్చుని మూడు ముక్కలాట చూసినోడు సీక్వెన్సే పెద్దదంటాడు. యూట్యూబ్‌లో పోకర్ వీడియోలు చూసి నేర్చుకున్నోడు కలరే పెద్దది, దాన్నే ఫ్లష్ అంటారు, పోయి చూసుకో అంటాడు. తమాషా ఏమంటే ఇద్దరూ కరెక్టే. ఒకడు చెప్పేది మూడు ముక్కల లెక్క, ఇంకొకడు చెప్పేది అయిదు ముక్కల లెక్క.

ఈ గొడవను పట్టుకుని పోతే పోకర్‌లో ఇన్ని రకాలెందుకో, క్యాసినోలో ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి పోతే అసలు మారేదేమిటో తెలుస్తుంది. కాబట్టి ముందు దీన్నే తేల్చేద్దాం.

52 ముక్కల్లోంచి మూడు తీసే మార్గాలు 22,100. ఈఏపీసెట్ కోసం బట్టీ పట్టిన ఎన్‌సీఆర్ ఫార్ములానే, కొత్తదేమీ లేదు. వాటిలో కలర్ పడేవి 1,096, సీక్వెన్స్ పడేవి 720. అరుదుగా పడేదే పెద్దది కాబట్టి మూడు ముక్కల్లో సీక్వెన్స్‌దే పైచేయి. అదే అయిదు ముక్కలు తీస్తే మొత్తం మార్గాలు 25,98,960. అందులో ఫ్లష్‌లు 5,108 మాత్రమే, సీక్వెన్సులు 10,200. లెక్క తిరగబడింది. ఎందుకంటే సీక్వెన్స్‌లో ప్రతి కొత్త ముక్కా నాలుగు జాతుల్లో ఏదైనా కావచ్చు, అంకె కుదిరితే చాలు. కలర్‌కి అట్లా కుదరదు, ప్రతి ముక్కా అదే జాతిలోంచి రావాలి. మూడు నుంచి అయిదుకి పోయేసరికి కలర్ పడే అవకాశం దాదాపు 25 రెట్లు తగ్గుతుంది, సీక్వెన్స్‌ది 8 రెట్లే తగ్గుతుంది.

ఇందులోనే ఇంకో చిత్రం ఉంది. మన మూడు ముక్కలాటలో అన్నిటికంటే పెద్దది ట్రయల్, అంటే మూడు రాజులో మూడు ఆసులో ఒకేచోట పడడం. దాని తర్వాతే ప్యూర్ సీక్వెన్స్. లెక్కపెట్టి చూస్తే ట్రయల్స్ 52, ప్యూర్ సీక్వెన్సులు 48. అంటే ఎక్కువ అరుదైనది రెండో స్థానంలో ఉంది! తరాలుగా ఆడుతున్న ఆటలో లెక్క తప్పు. మూడు ఆసులు చేతికి వచ్చినప్పుడు కలిగే సంతోషం ముందు నాలుగు మార్గాల తేడా ఎవరికి కావాలి? కానీ క్యాసినోకి కావాలి. క్యాసినోల్లో త్రీ కార్డ్ పోకర్ అని ఒక టేబుల్ ఉంటుంది, 1994లో డెరెక్ వెబ్ అనే ఆయన తయారుచేసిన ఆట. అక్కడ ప్యూర్ సీక్వెన్సే పైన, ట్రయల్ కింద. మామలకి పట్టని ఆ నాలుగు మార్గాలు కూడా అక్కడ పట్టించుకుంటారు.

ఇప్పుడు అసలు పోకర్‌కి వద్దాం. అందరూ పోకర్ అని పిలిచేది ఎక్కువగా టెక్సస్ హోల్డెమ్‌నే. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. టేబుల్ మధ్యలో అయిదు ముక్కలు అందరికీ ఉమ్మడిగా పరుస్తారు. మొదట మూడు ఒకేసారి, అది ఫ్లాప్. తర్వాత ఒకటి, అది టర్న్. చివరిది రివర్. చేతిలో రెండు, కింద అయిదు కలిపి ఏడింటిలో మంచి అయిదు ఏరుకోవాలి. ప్రతి దశలోనూ పందెం పెంచొచ్చు, ఎదుటివాడు పెంచింది కట్టొచ్చు, ముక్కలు కింద పారేసి తప్పుకోవచ్చు. మూడు ముక్కలాటలో ఎదుటివాడి చేతిలో ఏముందో కనిపెట్టడానికి వాడి ముఖం తప్ప ఆధారం లేదు. ఇక్కడ ఏడింటిలో అయిదు అందరికీ కనబడుతూనే ఉంటాయి. కాబట్టి ఊహించడానికి సరుకు దొరుకుతుంది. వీడు ఫ్లాప్ ముందు పెంచాడు, టర్న్ దగ్గర తగ్గాడు, మళ్ళీ రివర్‌లో పెంచాడు, అంటే వీడి దగ్గర ఏముండొచ్చు? హోల్డెమ్ ఆడడమంటే ఈ ప్రశ్నకి జవాబు వెతకడమే. రెండు ఆసులు చేతికి రావడం 221 సార్లలో ఒకసారి జరుగుతుంది. మిగతా 220 సార్లు ఏం చేస్తావన్నదే ఆట.

ఒమాహా అనేది హోల్డెమ్‌కి తమ్ముడు. చేతికి రెండు బదులు నాలుగు ముక్కలిస్తారు. అందులోంచి కచ్చితంగా రెండే వాడాలి, కింద నుంచి కచ్చితంగా మూడు. కొత్తవాళ్ళు బోర్లా పడేది ఇక్కడే. కింద నాలుగు ఆఠీన్లు పడి, నీ చేతిలో ఒక్క ఆఠీనే ఉంటే హోల్డెమ్‌లో అది ఫ్లష్, ఒమాహాలో కాదు. నాలుగు ఆసులూ నీ చేతికే వచ్చాయనుకో. గంతులేస్తావు కదా? నిజానికి చాలా చెత్త చేయి అది. వాడుకోగలిగేది రెండు ఆసులే, మూడోది కింద పడదు, ఎందుకంటే అన్నీ నీ దగ్గరే ఉన్నాయి.

సెవెన్ కార్డ్ స్టడ్ వేరే తరహా. ఉమ్మడి ముక్కలు ఉండవు. ఒక్కొక్కరికీ ఏడు, అందులో మూడు మూసి, నాలుగు తెరిచి. ఎవరి ముందు ఏం పడింది, ఎవరు ఏం పారేసి తప్పుకున్నారు అన్నీ గుర్తుపెట్టుకోవాలి. మనవైపు రమ్మీ బాగా ఆడే పెద్దవాళ్ళు, ఎదుటివాడు మూడు రౌండ్ల ముందు పడేసిన కళావరు ఎనిమిది కూడా మర్చిపోనివాళ్ళు, ఈ ఆటకి సరిగ్గా సరిపోతారు.

ఇంతవరకూ చెప్పిన మూడింటిలోనూ ఒక సంగతి ఉమ్మడి. క్యాసినో ఆడదు. ఆటగాళ్ళు ఒకరితో ఒకరు ఆడుకుంటారు, డీలర్ ఉత్తి ముక్కలు పంచే మనిషి. మధ్యలో పోగైన డబ్బుని పాట్ అంటారు. ప్రతి పాట్‌లోంచీ క్యాసినో కొంత తీసుకుంటుంది, దాని పేరు రేక్. ఈ పదం గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో అవసరం పడుతుంది.

రెండో కుటుంబం ఆటల్లో ఎదురుగా కూర్చునేది క్యాసినోనే. ఇందాకటి త్రీ కార్డ్ పోకర్ అలాంటిదే. మొదట ఆంటీ అని ఒక పందెం పెట్టాలి. నీకు మూడు, డీలర్‌కి మూడు. నీ ముక్కలు చూసుకుని ఆంటీ వదిలేసి తప్పుకోవచ్చు, లేదా అంతే మొత్తం మళ్ళీ పెట్టి పోల్చి చూసుకోవచ్చు. డీలర్ దగ్గర కనీసం రాణి స్థాయి చేయి లేకపోతే డీలర్ ఆటలోనే లేనట్టు, నీకు ఆంటీకి మాత్రమే లాభం వస్తుంది, రెండో పందెం ఉత్తినే తిరిగొస్తుంది. నీకు బ్రహ్మాండమైన చేయి పడిన రోజున డీలర్‌ది మరీ చెత్తదైతే నీ గెలుపు సగమే అన్నమాట. నువ్వు ముందే తప్పుకున్నప్పుడు మాత్రం డీలర్ ముక్కలు నీకంటే చెత్తవైనా నీ ఆంటీ పోయినట్టే. బ్లఫ్ చేద్దామంటే కుదరదు, డీలర్ భయపడి తప్పుకునే మనిషి కాదు. ఈ ఆటకి సరైన వ్యూహం ఒక్క లైన్‌లో రాయొచ్చు: రాణి, ఆరు, నాలుగు లేదా అంతకంటే పెద్దదైతే ఆడు, లేకపోతే తప్పుకో. అంతే, ఒక ఇఫ్, ఒక ఎల్స్. అంత కరెక్టుగా ఆడినా మామూలు పే టేబుల్ ప్రకారం వంద రూపాయల ఆంటీకి సగటున 3 రూపాయల 37 పైసలు క్యాసినోకి పోతాయి. కరీబియన్ స్టడ్ అని అయిదు ముక్కలతో ఇదే తరహా టేబుల్ ఉంది, అక్కడ వందకి అయిదు పైచిలుకు.

ఈ రెండో కుటుంబాన్ని అర్థం చేసుకోవడానికి అంతదూరం పోనక్కరలేదు. మన జిల్లాలో పోలీసులు దాడి చేసి పట్టుకున్నారని పేపర్లో వచ్చే 'లోపల బయట' ఆట తెలుసు కదా. మధ్యలో ఒక ముక్క తెరుస్తారు. తర్వాత లోపలికొకటి, బయటికొకటి వేసుకుంటూ పోతారు, అదే అంకె ఏ వైపు పడితే ఆ వైపు గెలుపు. అందర్ బాహర్ పేరుతో గోవా క్యాసినోల్లో ఇదే ఆటకి పచ్చ గుడ్డ పరిచిన టేబుల్ వేస్తారు. చూడ్డానికి బొమ్మా బొరుసూ మాదిరి సగం సగం అనిపిస్తుంది. కాదు. మిగిలిన 51 ముక్కల్లో ఆ అంకెవి మూడున్నాయి. మొదట ముక్క వేసే వైపు గెలిచే అవకాశం 51.5 శాతం. నేను కాగితం మీద వేసి, తర్వాత పైథాన్‌లో పది లక్షలసార్లు ఆడించి చూశాను, రెండూ కలిశాయి. అందుకే చాలా క్యాసినోల్లో మొదటి వైపు గెలిస్తే వందకి తొంభయ్యే ఇస్తారు. ఆ పది రూపాయల కోతతో 51.5 ఉన్న వైపు కూడా వందకి రెండు రూపాయలు పోయే వైపుగా మారిపోతుంది. రెండో వైపుకి పూర్తిగా వందా ఇస్తారు, ఎందుకంటే దాని అవకాశం 48.5 శాతమే, అక్కడ మూడు రూపాయలు పోతాయి. ఆటగాడు తీసుకోగల నిర్ణయం ఒక్కటే: ఎంత నెమ్మదిగా పోగొట్టుకోవాలి.

చిత్తూరు జిల్లాలో ధర్మరాజు గుళ్ళ దగ్గర భారతం జరిగినప్పుడు జూదం కథ చెప్పే రోజున జనం ఎక్కువ కూర్చుంటారు. మా అవ్వ ఆ కథలో ప్రతిసారీ ఒకచోట ఆగుతుంది: "వాడి పాచికలతో ఆడేదానికి ఎందుకు కూర్చున్నాడో ఆయప్ప." రెండో కుటుంబం టేబుళ్ళ గురించి దీనికంటే తక్కువ మాటల్లో నేను చెప్పలేను.

మరి మొదటి కుటుంబం? అక్కడ పాచికలు ఎవరివీ కావు. అక్కడ నైపుణ్యం పనిచేస్తుందా? పనిచేస్తుంది, దీని మీద మన బ్రాంచి వాళ్ళకి అనుమానం అక్కరలేదు. 2017 జనవరిలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసిన లిబ్రాటస్ అనే ప్రోగ్రాం, పిట్స్‌బర్గ్‌లో ఒక క్యాసినోలో నలుగురు ప్రొఫెషనల్ ఆటగాళ్ళతో ఒకరితో ఒకరు పద్ధతిలో హోల్డెమ్ ఆడి గెలిచింది. ఉత్తి అదృష్టం ఆటైతే ప్రోగ్రాం మనుషుల్ని వరసగా ఓడించలేదు. కానీ అందరూ ఇక్కడిదాకా చదివి ఆగిపోతారు. ఆ పోటీలో ఆడిన డీల్స్ ఎన్నో తెలుసా? 1,20,000. ఇరవై రోజులు. అంత తేడా ఉన్న ఆటగాళ్ళ మధ్య కూడా గెలుపు అదృష్టం వల్ల కాదని నమ్మకంగా చెప్పడానికి అన్ని డీల్స్ పెట్టుకున్నారు. మనవాడు శనివారం రాత్రి రెండొందల డీల్స్ ఆడి నాలుగు వేలు గెలిచి "నాకు స్కిల్ ఉంది రా" అంటే, ఉండొచ్చు. ఆ రెండొందల డీల్స్ మాత్రం దానికి సాక్ష్యం కావు.

ఇప్పుడు రేక్ దగ్గరికి వద్దాం. ఆరుగురు తలా వెయ్యి రూపాయలతో కూర్చున్నారనుకుందాం, టేబుల్ మీద మొత్తం ఆరు వేలు. సగటు పాట్ రెండొందలు, రేక్ నూటికి అయిదు, అంటే ప్రతి డీల్‌కీ పది రూపాయలు టేబుల్ దాటి బయటికి పోతాయి. గంటకి ముప్పై డీల్స్ అయితే మూడొందలు. ఆరుగురూ సమానమైన మొనగాళ్ళే అయినా ఇరవై గంటల్లో టేబుల్ మీద రూపాయి మిగలదు. ఫోన్‌లో ముక్కలు కలిపే పని, పంచే పని లేదు కాబట్టి గంటకి డెబ్బై డీల్స్ పడతాయి. అప్పుడు తొమ్మిది గంటలు కూడా పట్టదు. గెలవాలంటే ఎదుటివాళ్ళకంటే బాగా ఆడితే చాలదు. ఈ కోతని కూడా దాటేంత బాగా ఆడాలి.

మాకు తెలిసిన ఒక సీనియర్ అన్న ఉన్నాడు, కుప్పం వైపు వాళ్ళది. ఆయన పోకర్ నిజంగా బాగా ఆడేవాడు, పుస్తకాలు చదివి నేర్చుకున్నాడు. 2020లో మన రాష్ట్రం చట్టం సవరించి డబ్బులతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది, రమ్మీ, పోకర్‌తో సహా. యాప్‌లు లొకేషన్ చూసి ఆంధ్రా అయితే తెరుచుకునేవి కావు. కుప్పం నుంచి కర్ణాటకకి ఎంత దూరం! అన్న సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు బైకు మీద గీత దాటి ఒక టీ అంగడి దగ్గర కూర్చుని ఆడేవాడు. కర్ణాటక 2021లో ఇలాంటి నిషేధమే తెస్తే 2022 ఫిబ్రవరిలో అక్కడి హైకోర్టు కొట్టేసింది, అందుకే అటువైపు తెరుచుకునేది. ఆడిన ప్రతి డీల్ రికార్డూ దించుకుని అన్న ఎక్సెల్‌లో పెట్టాడు. చివరికి ఆ షీట్ మాకే చూపించాడు. ఎదుటి ఆటగాళ్ళ మీద లెక్కవేస్తే దాదాపు ఆరు వేలు లాభం. పక్క కాలమ్‌లో ఆయన పాట్‌ల నుంచి పోయిన రేక్ పదిహేడు వేలు. తేడా సెమిస్టర్ ఫీజులోంచి కట్టాడు. "నేను ఓడిపోలేదు రా, గెలిచినా చాల్లేదు" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు, షీట్ అదే చెప్తోంది.

కోర్టుల్లో కూడా చర్చంతా నైపుణ్యం చుట్టూనే తిరిగింది. 1967 నవంబరులో సుప్రీంకోర్టు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకీ మధ్య నడిచిన కేసులో, రమ్మీలో ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యమున్న ఆట అంది. మూడు ముక్కలాట మాత్రం పూర్తిగా అదృష్టమే అంది. ఆ కేసు సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్‌ది. తర్వాత యాభై ఏళ్ళకి పైగా దేశంలో ఏ పేకాట కేసు వచ్చినా ఈ తీర్పు ప్రస్తావన లేకుండా లేదంటే అతిశయోక్తి కాదు. పోకర్ దగ్గరికి వచ్చేసరికి ఏకాభిప్రాయం కుదరలేదు. పశ్చిమ బెంగాల్ 1957 చట్టం పోకర్‌ని జూదం నిర్వచనంలోంచి పేరు పెట్టి మరీ తీసేసింది. గుజరాత్ హైకోర్టు 2017లో పోకర్ జూదమే అంది. తమిళనాడు 2022లో నిషేధిస్తే, 2023 నవంబరులో మద్రాస్ హైకోర్టు రమ్మీని, పోకర్‌ని నైపుణ్యం ఆటలుగా చూసి ఆ నిషేధం నుంచి తప్పించింది. అంటే కొన్నాళ్ళు మన పాత చిత్తూరు జిల్లా అంచున నిలబడితే, ఇటు అడుగేస్తే నేరం, అటు అడుగేస్తే నైపుణ్యం. ముక్కలు అవే, లెక్కలు అవే.

2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ గీతని చెరిపేసింది. నైపుణ్యమా అదృష్టమా అన్న ప్రశ్నే పక్కన పెట్టింది. డబ్బు కట్టి, డబ్బు వస్తుందని ఆశపడి ఆన్‌లైన్‌లో ఆడేదైతే ఏదైనా నిషేధమే. శిక్ష ఆడేవాళ్ళకి కాదు, నడిపేవాళ్ళకి: మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. నైపుణ్యం సంగతి ఎత్తకుండా ఇట్లా తేల్చడం సరికాదని మా రూంలో సగంమంది వాదన. నాకైతే ఎక్సెల్ షీట్‌లో రెండో కాలమ్ చూసిన తర్వాత అసలు ప్రశ్న అదే అనిపిస్తోంది: ఆటలో నైపుణ్యం ఎంత అని కాదు, టేబుల్ మీది డబ్బు ఎటు పోతోంది అని. ఇప్పుడు టెలిగ్రామ్‌లో 'ప్రైవేట్ క్లబ్' లింకులు తిరుగుతున్నాయి. అక్కడ రేక్ ఎంతో ఎవరూ చెప్పరు. ఎదురుగా ఆడేది మనిషో బాటో తెలియదు. లిబ్రాటస్‌కి సూపర్ కంప్యూటర్ కావాల్సొచ్చింది కానీ, 2019లో ఆరుగురి టేబుల్‌లో ప్రొఫెషనల్స్‌ని ఓడించిన ప్లూరిబస్ శిక్షణకి 64 కోర్ల సర్వర్ ఒకటి, ఎనిమిది రోజులు సరిపోయాయి. గెలిచిన డబ్బు రాకపోతే ఫిర్యాదు చేయడానికి ఆఫీసూ లేదు, అడ్రసూ లేదు.

గోవాలో మాండవి నది మీద ఓడల్లో క్యాసినోలు చట్టబద్ధంగానే నడుస్తున్నాయి. 21 నిండితే గానీ లోపలికి రానివ్వరు కాబట్టి మనలో చాలామందికి ఇంకో రెండేళ్ళు ఆ ప్రశ్న లేదు. పోయినప్పుడు పచ్చ గుడ్డ మీద పోకర్ అని రాసి ఉందని కూర్చోకుండా, ఎదురుగా ఆటగాళ్ళున్నారా డీలర్ ఒక్కడే ఉన్నాడా అని చూస్తే అది ఏ కుటుంబం టేబులో తెలిసిపోతుంది.

పోకర్ నేర్చుకోవాలని నిజంగా ఉంటే మా రూంలో చింతగింజలతో ఆడతాం, రావచ్చు. ఇంటి నుంచి ఒక సంచి తెచ్చాను. మొదట్లో ఒక చిక్కొచ్చింది. గింజలు పోతే పోయేదేమీ లేదు కాబట్టి ఎవడూ తప్పుకోడు, ప్రతివాడూ రివర్ దాకా వస్తాడు, బ్లఫ్ అన్నదే పనిచేయదు. పోయేదేదో ఒకటి లేకపోతే హోల్డెమ్ కూడా లోపల బయట మాదిరే అయిపోతుంది. అందుకని టోర్నమెంట్ పద్ధతి పెట్టాం. తలా రెండొందల గింజలు, అయిపోతే మళ్ళీ ఇచ్చేది లేదు, మొదట ఔటైనోడు ఆ ఆదివారం రూంలో అందరి దుప్పట్లూ ఉతకాలి. ఇప్పుడు అందరూ చానా ఆలోచించి ముక్కలు పారేస్తున్నారు.